పాకల సముద్రంలో మెట్టురాయి

పొదిలి దగ్గర్నుంచి సింగరాయకొండ దాకా వెతికినా ఈతలో కోటిలింగాన్ని కొట్టేవాడు పుట్టలేదు. పుట్టి ఉంటే ఇంకా ఉయ్యాల్లోనే ఉండి ఉంటాడు. అరవై దాటిన వయసులో, మిరప పనులు ముగిసిన మర్నాడు, ఒంట్లో చిటికెడు సత్తువ లేకుండా పాకల సముద్రంలో దిగి, అండమాన్ కొబ్బరిచెట్లు కనబడేదాకా ఈదుకుంటూ పోయి, వచ్చేటప్పుడు మళ్ళీ శ్రమ ఎందుకని ఒక తాబేలు వీపున బాసింపట్టు వేసుకు కూర్చుని, తలకి చుట్టిన తువ్వాలు తడవకుండా ఒడ్డుకి వచ్చిన మనిషి. మీరు కళ్ళు చికిలించి నన్ను అలా చూడకండి. ముందు వినండి. ఎక్కువ తక్కువలు దారిలో సరిచేసుకుంటూ పోదాం.

ఆ ఏడు కోటిలింగం అలిసిపోయాడు. పొద్దున్నే చేనుకి పోయి, సాయంత్రం వచ్చి నులకమంచం మీద పడితే తెల్లారేసరికి తీరిపోయే అలసట కాదు. అది అందరికీ ఉండేదే. ఇతని అలసట ఇతను నిద్రపోయినా అది నిద్రపోయేది కాదు. మిరప పూతలో నల్ల తామర పురుగు దూరింది. నలుసంత పురుగు. దాని మీద మందు కొట్టి, అది చావకపోతే ఇంకో మందు కొట్టి, వాన పడితే మళ్ళీ కొట్టి, వీపున మందుడబ్బా మోసీ మోసీ, చివరికి డబ్బా దించి గోడకి ఆనించాక కూడా కోటిలింగం వంగే నడిచేవాడు. డబ్బా ఇంట్లో ఉండేది, బరువు మాత్రం వీపు దిగేది కాదు. పైరు ఏదో రకంగా గట్టెక్కింది. కాయ కోశారు, కల్లంలో ఎండబెట్టారు, రంగుపోయిన తాలుకాయలు ఏరారు, గోతాల్లో టిక్కీలుగా తొక్కి గుంటూరు మిర్చి యార్డుకి పంపారు. అక్కడ వ్యాపారి ఒక కాయ విరిచి, నాలిక మీద పెట్టుకుని, "ఘాటు లేదయ్యా పెద్దాయనా" అని పెదవి విరిచాడు. ఆ మాటకి కోటిలింగానికి కోపం కూడా రాలేదు. లారీ నీడలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికాడు.

ఇదంతా భార్య చెంచమ్మ చూస్తూనే ఉంది. ఆమె మనిషి సన్నం, మాట సన్నం కాదు.

"ఏమయ్యో, ఒక్క ఏడు చేనుని ఖాళీగా ఉంచితే ఏం మునిగిపోద్ది?" అంది ఒకనాడు అన్నం పెడుతూ.

"చేను ఖాళీగా ఉంటే ఊరేమంటది? కోటిలింగం పనైపోయింది అంటది."

"అయిపోయిందిగా మరి."

"నోర్ముయ్."

"గేదె పాలున్నయ్యి. ఇద్దరం ఎంత తింటాం? పెళ్ళి చెయ్యాల్సిన బిడ్డా లేదు, చదివించాల్సిన బిడ్డా లేదు. ఎవరికోసం ఈ చాకిరీ?"

 కోటిలింగం అప్పటికే అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే పెట్టి నిద్రపోయాడు.

ఇక్కడ మీకు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మిరపకాయ ముట్టుకున్నవాళ్ళకి ఆ కారం చేతుల్లో దిగుతుంది. చేతుల్లో దిగి, మోచేతుల దాకా ఎక్కి, మెడకీ ముఖానికీ పాకుతుంది. కోతల కాలంలో ఆడవాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకోరు. ఏడుపొచ్చినా కళ్ళు తుడుచుకోరు. మజ్జిగలో చేతులు ముంచుతారు, కొబ్బరినూనె రాస్తారు, మంట కాసేపు తగ్గినట్టుండి మళ్ళీ లేస్తుంది. కాయ ఊరు దాటి పోయినా మంట మనిషిలోనే ఉండిపోతుంది. అందుకని పనులన్నీ అయ్యాక, కోసినవాళ్ళు, ఏరినవాళ్ళు, తొక్కినవాళ్ళు, రైతుతో సహా అందరూ ఒక బండి మాట్లాడుకుని సముద్రానికి పోతారు. దాన్ని మంట అప్పగించి రావడం అంటారు. దానికొక నియమం ఉంది. ఉప్పునీళ్ళలో దిగాక మంట పోయేముందు ఒకసారి ఎగబాకుతుంది. భయపడి బయటికి వచ్చామా, మళ్ళీ ఒంట్లోకే దూరి వచ్చే పంట దాకా కదలదు. పళ్ళ బిగువున ఓర్చుకుని నిలబడితే సముద్రం తీసుకుంటుంది. పెద్దలు చెప్పారు, చిన్నవాళ్ళు విన్నారు. సముద్రాన్ని ఎవరూ అడగలేదు.

అలా పనులు ముగిసిన మర్నాడు డ్రైవర్ సిలార్ మినీలారీలో అందరూ బయల్దేరారు. వెనకాల పరిచిన బరకం పట్టా మీద కూలి ముఠా మేస్త్రి కరీమున్, ఆమె ముఠా ఆడవాళ్ళు, కోటిలింగంతో కలిసి చిన్నప్పటి నుంచి తిరిగిన ఆదెయ్య, ఓ మూలగా చెంచమ్మ, కోటిలింగం. కందుకూరు దాటి సింగరాయకొండ కనబడేసరికి ఆడవాళ్ళు కొండమీది నరసింహస్వామికి బండిలోంచే దణ్ణాలు పెట్టారు. కరీమున్ కూడా పెట్టింది, స్వామికి కాదు, బ్రేకులకి.

చెంచమ్మ మొగుడి వైపు జరిగింది. "ఉగాది వస్తంది. నువ్వు మళ్ళీ నారు, ఇత్తనం అని మొదలుపెట్టకముందే నాకొక మాట చెప్పు. ఈ ఏడు మిరప వేస్తావా, వెయ్యవా?"

"ఇప్పుడే చెప్పాలా?"

"ఇప్పుడే. ఇంకో ఏడు ఇట్టాగే అయితే చేను మిగులుద్ది, నువ్వు మిగలవు."

కోటిలింగం రోడ్డు వైపు చూశాడు. వేస్తాను అంటే ఆమె ఊరుకోదు. వెయ్యను అంటే తను ఊరుకోలేడు. ఈ రెండిటి మధ్యా ఆలోచించే ఓపిక లేదు.

"సముద్రంలోంచి వచ్చాక చెప్తాలే."

"మాటేనా?"

"మాటేనే తల్లీ."

పాకల తీరంలో జనం పెద్దగా లేరు. పడవలు ఇసకలో ఒరిగి ఉన్నాయి. ఆడవాళ్ళు ఒక పక్కగా పోయి నీళ్ళ అంచున కూలబడి, అల వచ్చినప్పుడల్లా "అమ్మో మంట! అయ్యో మంట!" అని అరుస్తూ నవ్వుతున్నారు. కోటిలింగం చొక్కా విప్పి, తువ్వాలు తలకి చుట్టి, మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాడు.

కరీమున్ కేకేసింది. "పెదనాయనా, లోపలికి పోమాకు! ఇది మీ దిబ్బబావి కాదు!"

"పోడులే కరీమున్," అన్నాడు ఆదెయ్య, నడుం దాకా దిగి ముక్కు మూసుకుని మునిగి లేస్తూ. "పోయే రోజులు పొయినయ్యి. ఒరే కోటిగా, అక్కడే దణ్ణం పెట్టుకుని గట్టుకి పోరా. నీ పనైపోయింది."

ఆదెయ్య ఈ మాట సరదాకే అన్నాడు. కాకపోతే ఏడాది పొడుగునా కోటిలింగం ఏ మాట వినకూడదని వీపు వంచి చాకిరీ చేశాడో, ఆ మాటనే అన్నాడు. కోటిలింగం ముందుకి నడిచాడు. వచ్చే అల కింద దూరి, దాని అవతల లేచాడు. ఇంకో అల కింద దూరాడు. వెనక ఆదెయ్య ఏదో అరుస్తున్నాడు, గాలికి వినపడలేదు.

ఈత సంగతి చెప్పాలి. నేను మొదట కాస్త గొప్పగా మొదలుపెట్టాను గదా, ఇక్కడ కొంచెం దిగుదాం. కోటిలింగం ఈత నేర్చుకున్నది దిబ్బబావిలో. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి వాళ్ళ నాయన తోసేస్తే నేర్చుకున్నాడు. పెద్ద బావి. లోపలి గోడకి మనుషులు ఎక్కిరావడానికి పొడుగాటి రాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. మెట్టురాళ్ళు. పాచి పట్టి, నీటి మట్టానికి నున్నగా ఉండేవి. బావి ఈతగాడికి ఒకటే తెలుసు. ఎటు ఈదినా గోడ వస్తుంది. నాలుగు బారలు గట్టిగా వేస్తే చేతికి రాయి తగులుతుంది, దాన్ని పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ నాలుగు బారలు. ఆ బావి ఎండిపోయి, చుట్టూ బోర్లు పడి, ఇప్పుడందులో తుమ్మచెట్టు మొలిచింది. అంటే మన మొనగాడు, ఏటా సముద్రంలో మోకాళ్ళ దాకా దిగడం తప్ప, నీళ్ళలో చెయ్యి ఆడించి చాలా ఏళ్ళయింది. ఈతలో ఇతన్ని కొట్టేవాడు లేడని నేనన్నది, మా ఊళ్ళో ఇప్పుడు ఈత కొట్టేవాడు ఇంకెవడూ మిగల్లేదు గనక.

అలలు దాటాక సముద్రం నిమ్మళంగా ఉంది. కోటిలింగం ఆశ్చర్యపోయాడు. గోల అంతా గట్టు దగ్గరే, లోపల ఏమీ లేదు. నీళ్ళు చల్లగా చేతుల చుట్టూ చుట్టుకున్నాయి. వేళ్ళ సందుల్లో మంట మెత్తబడింది. నాలుగు బారలు వేశాడు, ఆగాడు. ఇంకో నాలుగు వేశాడు.

అప్పుడు ఎడమచేతి మీద చురుక్కుమంది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎవరో చింతబరికెతో కొట్టినట్టు. వెంటనే పిక్క మీద. తర్వాత మెడ చుట్టూ.

"వచ్చింది," అనుకున్నాడు కోటిలింగం. "ఎగబాకుతోంది."

చుట్టూ నీళ్ళలో గంజి మీద తెట్టులాగా తెల్లగా, జిగురుగా ఏవో ముద్దలు తేలుతున్నాయి. కొన్నిటికి కింద దారప్పోగుల్లాంటివి వేలాడుతున్నాయి. వాటిని చూశాడు గానీ లెక్కపెట్టలేదు. సముద్రం అన్నాక సవాలక్ష ఉంటాయి. అతని ధ్యాసంతా మంట మీదే. నియమం గుర్తుంది. భయపడి బయటికి పోకూడదు, ఓర్చుకోవాలి. పళ్ళు బిగబట్టి, ఆ తెట్టు చిక్కగా ఉన్న వైపుకే ఇంకొంచెం జరిగాడు, మంట ఇక్కడే బాగా దిగుతోంది గనక. పొట్ట మీద అంటుకుంది. వీపు మీద అంటుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ బాధలో కూడా అతనికి ఒక పక్క గర్వంగా ఉంది. ఘాటు లేదన్నాడే ఆ యార్డు వ్యాపారి, వాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి. ఇదీ కోటిలింగం కాయ. చూసుకోమను.

అంత ఘాటు దిగిపోయేదాకా ఓర్చుకున్నాక, ఇక చాల్లే అని గట్టు వైపు తిరిగాడు.

గట్టు అక్కడ లేదు. అంటే ఉంది, చాలా దూరంగా, గీత గీసినట్టు. అండమాన్ అన్నాను గదా, అంత లేదులెండి. ఆ మాట తీసేయండి. కానీ పొదిలి బావిలో ఈదిన మనిషికి అది అండమానే. ఆ గీత మీద ఎర్రగా ఒక చుక్క. చెంచమ్మ చీర. కల్లం ఊడ్చేసి పోయాక పట్టా మీద మిగిలిపోయిన ఒక్క కాయలాగా ఉంది.

నాలుగు బారలు గట్టిగా వేశాడు. చేతికి ఏమీ తగల్లేదు. ఇంకో నాలుగు వేశాడు. తల ఎత్తి చూస్తే ఎర్రచుక్క అంతే దూరంలో ఉంది. పైగా పక్కకి జరిగింది. ఇందాక ఎడమ చేతి వైపున్న సరుగుడు తోట ఇప్పుడు ఎదురుగా వచ్చింది. నీళ్ళు అతన్ని గట్టు వెంబడే ఎటో పట్టుకుపోతున్నాయి. గోడ లేని నీళ్ళు. ఎంత ఈదినా పట్టుకోవడానికి ఒక రాయి లేని నీళ్ళు.

భయం వేయాల్సింది. కానీ భయపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. కోటిలింగానికి అనిపించింది భయం కాదు. సాయంత్రం ఆఖరి సాలు మందు కొట్టాక, డబ్బాలో ఇంకా కొంచెం మిగిలితే, "పోనీలే, పారబోద్దాం" అనిపిస్తుందే, అలాంటిది. చేతులు బరువెక్కాయి. కాళ్ళు తనవి కానట్టున్నాయి. నీళ్ళు గడ్డం దాకా, పెదవి దాకా వచ్చాయి. పెద్ద కష్టంగా ఏమీ లేదు. పడుకోవడంలాగే ఉంది. ఏడాదిగా తీరని నిద్ర ఇక్కడెక్కడో కింద ఉన్నట్టుంది.

అప్పుడు చెంచమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. సముద్రంలోంచి వచ్చాక చెప్తానన్నాడు. ఆమె సంగతి అతనికి తెలుసు. జవాబు వచ్చేదాకా ఆమె ఆ గట్టు మీంచి కదలదు. బండి పోతుంది, అందరూ పోతారు, పొద్దు పోతుంది, ఆమె మాత్రం అక్కడే ఉంటుంది. రేపు కూడా ఉంటుంది. గేదెకి నీళ్ళు ఎవరు పెడతారు?

ఆ గేదె కోసం ఇంకొక్క బార వేశాడు. చేతికి రాయి తగిలింది.

నున్నగా ఉంది. పాచి పట్టి ఉంది. నీటి మట్టానికి సరిగ్గా పైకి లేచి ఉంది. కోటిలింగం కళ్ళు మూసుకునే ఉన్నాడు, తెరిచే ఓపిక లేక. చిన్నప్పటి అలవాటు చేతులకి గుర్తుంది. రెండు అరచేతులూ ఆ మెట్టురాయి మీద ఆనించి, తల వాల్చి, ఊపిరి తీసుకున్నాడు. దిబ్బబావిలోకి సముద్రం ఎందుకు వచ్చిందో, సముద్రంలోకి దిబ్బబావి ఎందుకు వచ్చిందో ఆలోచించలేదు. రాయి దొరికింది, అది చాలు.

రాయి కూడా ఊపిరి తీసుకుంది.

"ఫూ..." మని, నెమరు వేస్తున్న ఎద్దు నిట్టూర్చినట్టు. కోటిలింగం కళ్ళు తెరిచాడు. పెద్ద చేటంత చిప్ప. దాని అంచున పులిపిర్లలాగా గవ్వలు పట్టి ఉన్నాయి. అవతల ఒక తల నీళ్ళలోంచి పైకి లేచి, చిలకముక్కు లాంటి మూతి ఒకటి ఇతని వైపు తిరిగింది. కన్ను పెద్దది. తడిగా, వాచినట్టుగా, నిద్రమత్తులో లేపిన ముసలమ్మ కన్నులాగా ఉంది.

"ఎవరయ్యా నువ్వు?" అన్నట్టు చూసింది.

తాబేలు మీద బాసింపట్టు అన్నాను. లేదు. రెండు చేతులు ఆనించాడు, అంతే. అదీ నాలుగు ఊపిర్ల సేపు. ఆ తర్వాత రాయి చేతుల కిందనుంచి మెల్లగా, విసుగ్గా, గోల చేయకుండా దిగిపోయింది. కోటిలింగం గుప్పెట్లో నీళ్ళు మిగిలాయి.

కొంచెం దూరంలో మళ్ళీ తేలింది. తేలి, ఏమీ చేయలేదు. ఈదలేదు. ఎటూ పోలేదు. వీపు ఎండకి పెట్టి, కాళ్ళు వదిలేసి, నీళ్ళు ఎటు ఊపితే అటు ఊగుతోంది. అప్పుడప్పుడు తల ఎత్తి ఒక ఊపిరి తీసుకుని మళ్ళీ దించుకుంటోంది. పట్టపగలు, నడిసముద్రంలో, సిగ్గూ ఎగ్గూ లేకుండా నిద్ర.

కోటిలింగానికి ఒళ్ళు మండింది. మిరప మంట కాదు, అసలైన మంట. "నీకేమమ్మా," అన్నాడు పైకే, ఉప్పునీళ్ళు ఉమ్మేస్తూ. "పురుగు పట్టే చేనుందా, మందుడబ్బా ఉందా? పనైపోయిందనే ఊరుందా?"

తాబేలు ఒక ఊపిరి తీసుకుంది.

ఈదినవాడికి గట్టు రాలేదు. ఈదకుండా పడుకున్నది మునగలేదు. అంతకు మించి అతనేం ఆలోచించలేదు. ఆలోచించాడని నేను చెప్తే అబద్ధం అవుతుంది, అతనికి అంత సత్తువ లేదు. వెల్లకిలా తిరిగాడు. చిన్నప్పుడు బావిలో ఎవరు ఎక్కువసేపు వెల్లకిలా తేలతారని పందెం వేసుకునేవాళ్ళు. ఒంటికి అది గుర్తుంది. చేతులు వదిలేశాడు, కాళ్ళు వదిలేశాడు. చెవులు నీళ్ళలో మునిగాయి, లోకం శబ్దం ఆగిపోయింది. పైన ఆకాశం తెల్లగా, ఖాళీగా, ఏ పైరూ వేయని చేనులాగా ఉంది. మోటారు కాలిపోతుందేమోనని లేదు, కరెంటు ఎప్పుడొస్తుందోనని లేదు, వాన పడుతుందేమోనని లేదు. పడితే పడనీ. పక్కన ఎక్కడో "ఫూ..." మంటోంది. ఇతనూ "ఫూ..." మంటున్నాడు. ఇద్దరు ముసలోళ్ళు అరుగు మీద పక్కపక్కన కునుకుతున్నట్టు.

ఎంతసేపో తెలీదు. నీళ్ళు ఇద్దర్నీ గట్టు వెంబడి తీసుకుపోయాయి. తర్వాత ఆ లాగుడు వదిలిపోయి, వెనక నుంచి అలలు తోయడం మొదలుపెట్టాయి. ఒకసారి తల తిప్పి చూస్తే తాబేలు లేదు. ఇంకోసారి చూసేలోపల ఒక అల అతన్ని ఎత్తి, కొబ్బరిచిప్పలాగా మూడు పొర్లింతలు పొర్లించి, ఇసకలో బోర్లా పడేసింది. తలకి చుట్టిన తువ్వాలు తడవలేదన్నాను. తువ్వాలు తడవడానికి అసలుంటేగా. అది సముద్రంలోనే పోయింది.

అక్కడ ఒకావిడ వలమీద చిన్నచేపలు ఎండబోస్తోంది. చేతిలో చేట పట్టుకునే వచ్చి చూసింది.

"ఏంది తాతా, యాడ్నించి వచ్చావు?"

"పొదిలి," అన్నాడు కోటిలింగం ఇసక ఉమ్ముతూ.

"ఈదుకుంటానా?"

నవ్వబోయి, అతని ఒళ్ళు చూసి ఆగిపోయింది. చేతుల మీద, మెడ మీద, పొట్ట మీద ఎర్రగా తాళ్ళతో కొట్టినట్టు వాతలు.

"అయ్యో, జెల్లీ చేపలు కొట్టినయ్యే! ఇన్ని కొట్టిందాకా ఏం చేస్తన్నావు తాతా, బయటికి రాకుండా?"

"చేపలు కాదమ్మా. మిరప మంట. దిగిపోయేముందు ఎగబాకుద్ది. ఓర్చుకుంటే పోద్ది."

ఆవిడ అతన్ని, సముద్రాన్ని, మళ్ళీ అతన్ని చూసింది. "ఎవరు చెప్పారు నీకు?"

కోటిలింగం ఆలోచించాడు. తన వాతలు చూసుకున్నాడు. గంజి తెట్టు గుర్తొచ్చింది. దాని కిందున్న దారాలు గుర్తొచ్చాయి. ఘాటు ఎక్కువున్న వైపుకి తానే జరగడం గుర్తొచ్చింది. అంటే యార్డు వ్యాపారి చెప్పిందే నిజమన్నమాట. ఆ కాయకి అంత ఘాటు లేదు. ఏడాది తర్వాత మొదటిసారి కోటిలింగానికి నవ్వొచ్చింది. నవ్వితే వాతలు మండాయి.

"లోపల తాబేలు కనబడిందమ్మా. ఎండలో పడి నిద్రపోతంది."

"ఈ కాలంలో వస్తయ్యి, గుడ్లు పెట్టటానికి. యాడ్నించి యాడికో ఈదుకుంటా వస్తయ్యి. అలిసిపోవా మరి?"

"అలిసిపోతే?"

"పండుకుంటయ్యి. ఇంకేం చేస్తయ్యి తాతా?"

ఆవిడ కుండలోంచి మంచినీళ్ళు వంచి పోసి, మీవాళ్ళు అటున్నారేమో పో అని దారి చూపించింది. కోటిలింగం సరుగుడు తోట వెనకనుంచి, వేడి ఇసకలో, మధ్యమధ్యలో కూర్చుంటూ లేస్తూ నడిచాడు. తొందరపడలేదు. తొందరపడగలిగితే పడేవాడు.

వాళ్ళంతా సముద్రం వైపు తిరిగి ఉన్నారు. చెంచమ్మ రొమ్ముల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ఆమెకి ఈత రాదు. ఆమె కొంగు చివర కరీమున్ పిడికిలికి చుట్టుకుని వెనకే ఇసకలో కాళ్ళు తన్నిపెట్టి లాగుతోంది. సిలార్ పడవవాళ్ళని బతిమాలుతున్నాడు. ఆదెయ్య ఇసకలో చతికిలబడి, "నా నోరు పడిపోను, నా నాలిక తెగిపోను, ఒరే కోటిగా, పనైపోయింది నీకు కాదురా, నాకురా" అని గుండెలు బాదుకుంటున్నాడు.

కోటిలింగం వెనకనుంచి వచ్చి ఆదెయ్య పక్కన కూలబడ్డాడు.

"ఎవరికోసంరా ఆ ఏడుపు?"

ఆదెయ్య తల తిప్పి చూసి, దయ్యాన్ని చూసినట్టు వెల్లకిలా పడ్డాడు. ఆ కేకకి కరీమున్ వెనక్కి తిరిగింది. "పెద్దమ్మా! పెదనాయన గట్టున ఉన్నాడు! మనం నీళ్ళలో వెతుకుతున్నాం!" అని చెంచమ్మని కొంగుతో సహా బయటికి లాగింది.

చెంచమ్మ నీళ్ళోడుతూ వచ్చింది. ఏడవలేదు. చేతిలో ఉన్న అతని చొక్కా తడిసి ముద్దయి ఉంది. దాంతో అతని భుజం మీద ఒక్కటి వేసింది. రెండోది వేయబోయి వాతలు చూసి ఆగింది. చొక్కా పిండి, దులిపి, వీపు మీద కప్పింది.

"ఎవరు కొట్టారు?"

"చేపలు."

"మంచిపని చేసినయ్యి." పక్కనే ఇసకలో కూర్చుంది. కొంగు పిండుకుంది. తర్వాత అంది, "చెప్పు."

"ఏం చెప్పాలి?"

"సముద్రంలోంచి వచ్చాక చెప్తానన్నావు. వచ్చావుగా."

కోటిలింగం సముద్రం వైపు చూశాడు. లోపల ఎక్కడో ఒక నల్లటి మచ్చ తేలినట్టు, మునిగినట్టు.

"చేనుని పండుకోనీ చెంచీ," అన్నాడు. "నన్ను కూడా పండుకోనీ."

కథ ఇక్కడికి అయిపోయింది. మిగతా ఎక్కువ తక్కువలు దారిలోనే సరిచేశాను. అండమాన్ తీసేశాను, బాసింపట్టు తీసేశాను, తువ్వాలు సంగతి ఒప్పుకున్నాను. తాబేలు నిజం. వాతలు నిజం, మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, అడిగితే చొక్కా ఎత్తి చూపిస్తాడు. చేను కూడా నిజం. చుట్టూ అందరి చేలల్లో మిరప మొక్కలు నాటారు, మధ్యలో అదొక్కటి గడ్డి మొలిచి పడుకుని ఉంది, గేదె అందులో మేస్తోంది. ఊళ్ళో కొందరు అతని పనైపోయిందన్నారు. అవునంటాడు.

ఒక్కటి మాత్రం నేను కల్పించాను. ఆ చివరి మాట. కోటిలింగం అది అనలేదు. చెంచమ్మ "చెప్పు" అనేసరికే అతను కూర్చున్నచోటే పక్కకి ఒరిగి, ఇసకలో చెంప పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. సిలార్ హారన్ మీద చెయ్యి వేయబోతే చెంచమ్మ వద్దని సైగ చేసి, అతని ముఖాన ఎండ పడకుండా తడికొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది, అతను లేచేదాకా. లేచాక మళ్ళీ అడగలేదు. కథలో జవాబు గురక పెడితే వినేవాళ్ళు ఒప్పుకోరని ఆ రెండు ముక్కలు నేను అతికించాను.